పెండ్లిపందిటికి వచ్చిన తాఖీదు

విశాఖపట్టణము నుండి విజయనగరమునకు రైలులో పోవువారికి సింహాచలము, పెందుర్తి దాటిన పిమ్మట కొత్తవలస వచ్చును. కిరండోలు ఇనుపగనులకు పోవు మార్గము ఇచ్చటనే విడివడును గనుక ఈ స్టేషను పేరు దూరప్రాంతముల వారికిని తెలిసినదే. మాఘమాసమైనను, వైశాఖమాసమైనను ఈ త్రోవలో ఏ బండి యెక్కినను పెండ్లివారు కనబడక మానరు. కావిళ్లు పోయి సూటుకేసులు వచ్చినవి గాని, పెండ్లికూతురి చేతిలోని కొబ్బరిబోండము మాత్రము మారలేదు.

ఆ చుట్టుపట్ల ఒక యింట పందిరి వేసిరనుకొందము. రాట పాతిరి, గాడిపొయ్యి త్రవ్విరి, చుట్టములు దిగిరి. పిల్లకు పదునారేండ్లు. ముహూర్తము రేపు తెల్లవారుజామున. ఈ సాయంకాలము మేజిస్ట్రేటు కోర్టునుండి ఒక కాగితము వచ్చినది. ఈ వివాహము జరుపరాదని అందలి ఉత్తరువు. ఇంటిపెద్ద దానిని చదివించుకొని, మడిచి, చూరులో దోపి, పురోహితుని తొందరపెట్టి, చెప్పిన వేళకంటె ముందుగనే తాళి కట్టించెను. తరువాత ఏమగును? ఎవరు జైలునకు పోవుదురు? కట్టిన తాళి నిలుచునా, నిలువదా? ఆ పిల్ల ఎవరికి ఏమగును?

ఈ ప్రశ్నలకు ఇప్పటి శాసనము చెప్పు సమాధానము ఒక్కనాడు పుట్టినది కాదు. దాని వెనుక నూరేండ్లకు పైబడిన కథ యున్నది. ఆ కథలో మొదటి అధ్యాయము మన విజయనగరములోనే వ్రాయబడినది.

ఆనందగజపతి మహారాజు నాటి విశాఖపట్టణము జిల్లాలో, ఏజెన్సీ ప్రాంతము విడిచిపెట్టి, బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహములకు ఒక పట్టిక తయారు చేయించిరి. కొత్తవలస అప్పుడు ఆ జిల్లాలోనిదే. విజయనగరము జిల్లా వేరుపడినది 1979లో. గురజాడ అప్పారావుగారు 1897లో 'కన్యాశుల్కము' నాటకమును అచ్చువేసినపుడు, దానికి ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఈ పట్టికలోని లెక్కలను ఉదహరించిరి. మొత్తము వివాహములు 1,034. అందు అయిదేండ్ల వయస్సున పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్ల వారు 44 మంది, మూడేండ్ల వారు 36 మంది, రెండేండ్ల వారు ఆరుగురు, ఏడాది వయస్సుగల శిశువులు ముగ్గురు. ఆ శిశువులకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు ఎవరికిని నోరు రాదు గనుక ఈ పట్టిక సమగ్రము కాదనియు వారే వ్రాసిరి.

మహారాజునకు లెక్క వ్రాయించు అధికారము ఉన్నది గాని ఒక్క పెండ్లిని ఆపించుటకు శాసనబలము లేదు. 1860 నాటి శిక్షాస్మృతి, 1891లో దానికి జరిగిన సవరణ, బాలికతోడి సంసారమునకు మాత్రము ఒక వయస్సు నిర్ణయించినవి. మొదట పదేండ్లు, పిమ్మట పన్నెండేండ్లు. వివాహము జోలికి అవి పోలేదు. మూడేండ్ల పిల్లను అరువదియేండ్ల వృద్ధునకు ఇచ్చుచున్నారని తెలిసినను కలెక్టరు గాని, మునసబు గాని, మేజిస్ట్రేటు గాని "ఆపుడు" అని కాగితము వ్రాయుటకు వీలు లేదు.

ఈ సంగతి మనస్సున పెట్టుకొని నాటకమును మరల చదివినచో ఒక విశేషము తోచును. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు ఇచ్చుటకు నిశ్చయించినపుడు తల్లి వెంకమ్మ నూతిలో దూకెను. మేనమామ కరటకశాస్త్రి ఏమి చేసెను? శిష్యునకు ఆడపిల్ల వేషము వేసి, తక్కువ వెలకు వచ్చిన కన్యయని చూపి, ఆ ముసలివానికే కట్టబెట్టెను. మన మందరము ఆ ఘట్టమున కడుపుబ్బ నవ్వుదుము. నేనును ఎన్నిసార్లు చూచినను నవ్వక మానలేదు. కాని ఆ మేనమామకు వేషము తప్ప వేరు సాధనము లేదన్న మాట నవ్వులో కొట్టుకొనిపోవును. తల్లికి నూయి, మేనమామకు మోసము. నాటి న్యాయశాస్త్రము వారిద్దరి చేతికి ఇచ్చినది అంతే. ఆ మోసమైనను ఉచితముగా దొరకలేదు. పెండ్లికూతురు మాయమగుటతో అది హత్యానేరముగ మారి, కోర్టునకెక్కి, ఒకరి తప్పునకు మరియొకరు చిక్కువడిరి.

పెండ్లికి వయస్సు నిర్ణయించిన మొదటి అఖిలభారత శాసనము శారదా చట్టము. అజమీరు వాస్తవ్యుడైన హరబిలాస్ శారదాగారు 1927లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి. వారి మొదటి చిత్తులో, తక్కువ వయస్సున జరిగిన పెండ్లి చెల్లనే చెల్లదని యుండెను. సభాసంఘమునకు పోయివచ్చుసరికి ఆ మాట ఎగిరిపోయినది. పెండ్లి చెల్లును, చేసినవారికి మాత్రము శిక్ష అనునట్లు 1929లో శాసనమైనది. బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది ఏండ్లు నిండవలెను. ఇరువదియొక్క యేండ్లు దాటిన వరునకును, పెండ్లి జరిపించిన పురోహితునకును, జరుగనిచ్చిన తండ్రికిని నెలకు మించని సాధారణ ఖైదు, వేయి రూపాయలకు మించని జుల్మానా, లేక రెండును. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, దీని ఫలితము డెబ్బదియేండ్లకు పైగా మనలను వెన్నంటినది.

శాసనము 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలు అని ప్రకటింపగా, నడుమనున్న ఆరు నెలలలో దేశమంతట బాల్యవివాహములు సంతలవలె జరిగినవి. తేదీ దాటిన తరువాత ఆంధ్రులకు మరియొక మార్గము దొరకినది. గోదావరి తీరమునగల యానాము ఫ్రెంచివారి యేలుబడిలోనిది. శారదా చట్టము అచ్చటికి పోదు. పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోయి మూడుముళ్లు వేయించుకొని వచ్చువారు ఎక్కువగుటతో ఆ యూరికి కల్యాణపురమను పేరు వచ్చినది. శాసనమునకు హద్దు ఉన్నదన్న సత్యము మనవారికి న్యాయవాదులకంటె ముందుగనే బోధపడినది.

అంతకు మించిన లోపము శాసనములోనే ఉండెను. అది పెండ్లి అయిన పిమ్మట శిక్షించును గాని పెండ్లిని ఆపదు. ఫిర్యాదు చేయువాడు ముందుగా నూరు రూపాయలకు మించని పూచీ వ్రాసియీయవలసి యుండెను. పల్లెటూరిలో, బంధువులపైన, జరిగిపోయిన శుభకార్యము మీద, చేతి సొమ్మునకు పూచీపడి ఎవడు పోవును? పోయినను ఏమి లాభము? జుల్మానా కట్టుటకు సిద్ధపడినవానికి అది పెండ్లి ఖర్చులో మరియొక పద్దు మాత్రమే.

1938లో చేసిన సవరణ ఈ లోపమును పూడ్చుటకు ప్రయత్నించినది. శాసనములోని పండ్రెండవ సెక్షను ప్రకారము, బాల్యవివాహము జరుగబోవుచున్నదని తెలిసినపుడు మేజిస్ట్రేటు నిషేధాజ్ఞ పంపవచ్చును. ఇంజంక్షను అని మనవారు పిలుచునది ఇదే. గట్ల తగాదాలలోను, నీటికాలువల తగాదాలలోను సివిలు కోర్టులిచ్చు ఇంజంక్షనులు అప్పటికే రైతులందరికి తెలిసినవి. వానిని మీరినవాని ఆస్తి జప్తు కావచ్చును, వానిని సివిలు ఖైదులో ఉంచవచ్చును. ఆ ఆయుధమునే ఇప్పుడు పెండ్లిపందిటికి తెచ్చిరి. కరటకశాస్త్రి నలుబదియేండ్లు ఆగియుండినచో వేషము కట్టవలసిన పని యుండెడిది కాదు.

ఉత్తరువును మీరినవానికి శిక్ష ఎంత? మూడు నెలల వరకు ఖైదు, వేయి రూపాయల వరకు జుల్మానా, లేక రెండును. ఇచ్చట కొంచెము నిలిచి చూడవలెను. పసిపిల్లకు పెండ్లి చేసినవానికి అప్పటి శాసనమున నెల రోజుల సాధారణ ఖైదు. చేయవద్దన్న మాట వినియు చేసినవానికి మూడు నెలలు. అదియు సాధారణమే కానక్కరలేదు, కఠినశిక్షయు కావచ్చును. అనగా శాసనకర్తల తూనికలో పెండ్లికంటె ధిక్కారము మూడింతలు బరువైనది. ఇవి రెండు వేరువేరు నేరములు. ఒకదానికి శిక్ష అనుభవించినచో రెండవది మాసిపోదు.

ధిక్కారనేరమునకు ప్రాణమైన మాట ఒకటి యున్నది. "తెలిసియుండి" అనునదే ఆ మాట. ఉత్తరువు తనమీద వచ్చినదని ఎరిగియు మీరినవాడే శిక్షార్హుడు. ఆజ్ఞోల్లంఘన మనగానే మన పెద్దలకు స్వాతంత్ర్యోద్యమము జ్ఞప్తికి వచ్చుట సహజము. 1917 ఏప్రిల్‌లో జిల్లా విడిచిపొమ్మన్న ఉత్తరువును మీరినందుకు చంపారన్‌లో గాంధీజీని మోతిహారి కోర్టులో నిలువబెట్టిరి. సాక్ష్యములతో పని లేకుండ, ఉత్తరువు నాకు అందినది, నేను దానిని పాటింపలేదు, శిక్షకు సిద్ధముగ నున్నానని వారే ఒప్పుకొనిరి. ప్రభుత్వము కొలది దినములలో ఆ కేసును ఉపసంహరించుకొనెను. 1921లో చీరాల-పేరాల నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ప్రసంగించరాదన్న నిషేధమును బాహాటముగా మీరి, ఏడాది తిరుచిరాపల్లి జైలులో గడపిరి. బరంపురమునకు పోవు రైలుదారి మన కొత్తవలస మీదుగనే.

పందిటిలోని ధిక్కారము ఆ జాతికి చెందినది కాదు. ఇచ్చట ఎవరును "నాకు తెలిసియే చేసితిని" అని చెప్పరు. కాగితము తెచ్చిన బంట్రోతునకు ఇంటి యజమాని కనబడడు. కనబడినను వ్రేలిముద్ర వేయడు. పెండ్లికూతురిని రాత్రికి రాత్రి మేనత్త యింటికి చేర్చుదురు. పురోహితుడు ఇంకొక యూరినుండి వచ్చును. కోర్టులో అందరిదియు ఒకటే మాట: ఉత్తరువు సంగతి మాకు తెలియదు. అందుచేత ఇటువంటి కేసులలో వాదమంతయు పెండ్లి జరిగినదా లేదా అన్నదానిమీద కంటె, ఆ కాగితము ఎవరి చేతికి, ఏ వేళకు, ఎవరి సమక్షమున చేరినదన్నదానిమీదనే నడచును.

1938 సవరణలో మరియొక చిక్కు ఉండెను. నోటీసు ఇచ్చి, సమాధానము చెప్పుకొను అవకాశమిచ్చినగాని ఉత్తరువు వ్రాయుటకు వీలు లేదు. న్యాయసూత్రముగా ఇది ఒప్పుకొనదగినదే. ఎదుటివాని మాట వినకుండ చేతులు కట్టివేయుట తప్పు. కాని ఇచ్చట నోటీసు అనునది తొందరపడుమని చెప్పు కబురుగా మారుటకు వీలున్నది. విచారణ సోమవారమైనచో ముహూర్తము ఆదివారమునకు జరుగును. పంచాంగము మన చేతిలోనిదే గదా!

స్త్రీలకు ఖైదు లేదన్న మినహాయింపు మొదటినుండియు ఉన్నది. నేటి శాసనమునను ఉన్నది. జుల్మానా మాత్రమే. దయతో పెట్టిన నియమమే. కాని మన యిండ్లలో పెండ్లి నిర్ణయించునది తాతయా, నాయనమ్మయా అని ఆ శాసనకర్తలను అడిగియుండవలసినది. మనుమరాలి పెండ్లి చూచి కన్నుమూయుదునని పట్టుబట్టిన ముసలమ్మ మాటకు కట్టుబడి జైలునకు పోవువాడు ఆమె కొడుకు.

ఇక అసలు ప్రశ్నకు రావలెను. కట్టిన తాళి సంగతి ఏమి? శారదాగారి చిత్తునుండి తొలగించిన మాట ఇచ్చట మనలను పట్టుకొనును. ఉత్తరువును మీరి చేసిన పెండ్లియైనను పెండ్లియే. తండ్రి మూడు నెలలు జైలులో ఉండి వచ్చును. కూతురు జన్మమంతయు ఆ కాపురములోనే ఉండును. 1949లో బాలిక వయస్సు పదునైదునకును, 1978లో పదునెనిమిదికిని పెరిగినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము వయస్సును ఒక నియమముగా చెప్పెను గాని, దానిని మీరిన వివాహము చెల్లదని చెప్పలేదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే 1970 దశకపు నడిమి కాలమున ఇద్దరు న్యాయమూర్తుల బెంచి అట్టి వివాహము చెల్లదని తీర్పు చెప్పగా, కొలదికాలమునకే ఫుల్ బెంచి దానిని త్రోసిపుచ్చి, శిక్ష పడిన పడవచ్చును గాని వివాహము మాత్రము నిలుచునని తేల్చెను. పూర్వపు తీర్పు నిలిచినచో ఎన్ని వేల కాపురములు, ఎందరు బిడ్డల వారసత్వము తలక్రిందులగునో అన్న భయము అట్టి తర్కము వెనుక సహజముగనే ఉండును.

2006లో చేయబడి, 2007 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టము ఈ ముడిని వేరొక విధముగ విప్పినది. సామాన్యముగ బాల్యవివాహము దానంతట అది రద్దు కాదు. బాల్యమున పెండ్లియైనవారు కోరినచో, మేజరు అయిన పిమ్మట రెండేండ్లలోపల కోర్టుద్వారా రద్దు చేయించుకొనవచ్చును. కాని నిషేధాజ్ఞను మీరి జరిపిన వివాహము మాత్రము మొదటినుండియు చెల్లదని పదునాల్గవ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. ఒకరు కోరనక్కరలేదు, దావా వేయనక్కరలేదు. మంత్రములు చదివినను, మూడు ముళ్లు వేసినను, శాసనము కంటికి ఆ పందిటిలో ఏమియు జరుగలేదు. 1929లో సభాసంఘము తొలగించిన మాట డెబ్బదియేడేండ్లకు, ఈ సందర్భమునకు, తిరిగి వచ్చినది. ఒకే యూరిలో, ఒకే ముహూర్తమున, ఒకే వయస్సుగల ఇద్దరు పిల్లలకు పెండ్లి జరిగినను, కోర్టు కాగితము ఒక యింటికి చేరి రెండవ యింటికి చేరనిచో, మొదటిది చెల్లదు, రెండవది నిలుచును.

శిక్షయు పెరిగినది. తెలిసియుండి ఉత్తరువును మీరినవానికి రెండేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా, లేక రెండును. పెండ్లి చేసిన నేరమునకును శిక్ష ఇంతే, అయితే అచ్చట ఖైదు కఠినఖైదు. పాత మూడింతల తేడా పోయి రెండును సమానమైనవి. పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చును. జామీను హక్కుగా దొరకదు. నోటీసు చిక్కునకును విరుగుడు దొరకినది. తొందరపడవలసిన సమయమున, ఎదుటివారికి తెలుపకుండనే మేజిస్ట్రేటు మధ్యంతర ఉత్తరువు ఇచ్చి, విచారణ తరువాత జరుపవచ్చును. ఫిర్యాదు చేయుటకు బంధుత్వముతో పని లేదు. బాల్యవివాహ నిషేధాధికారి కోరవచ్చును, బడి పంతులు కోరవచ్చును, దారినపోవువాడు కోరవచ్చును. నమ్మదగిన సమాచారము వచ్చినచో మేజిస్ట్రేటు తనంతట తానే పూనుకొనవచ్చును. అక్షయతృతీయవంటి దినములలో జిల్లా కలెక్టరే నిషేధాధికారి యగును. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడ, జరిగిన పిమ్మట శిక్షించుటకంటె ముందు ఆపుటమీదనే దృష్టి నిలుపవలెనని చెప్పుచు, మేజిస్ట్రేట్ల ఈ యధికారమును ప్రత్యేకముగ గుర్తుచేసినది.

ఇంతవరకు శాసనమును మెచ్చుకొనవచ్చును. నాకు మాత్రము ఒకచోట మనస్సు ఒప్పుకొనదు. రద్దు చేయించుకొన్న వివాహమునకు సంబంధించి శాసనము పిల్ల పక్షమున చాల సంగతులు ఆలోచించినది. ఆమెకు మరల వివాహమగువరకు భరణము, ఉండుటకు ఇల్లు, పుట్టిన బిడ్డకు న్యాయసమ్మతమైన సంతానమన్న గౌరవము, ఇవన్నియు వ్రాయబడినవి. కాని ఈ సెక్షనులు మూడవ సెక్షను క్రింద డిక్రీ పొందిన వివాహమును పేర్కొనుచున్నవి. ఉత్తరువును మీరి చేయబడి, పదునాల్గవ సెక్షను వలన మొదటినుండి లేనిదైన వివాహమును అవి పేరుపెట్టి చెప్పుటలేదు. మనము అనుకొన్న యింటిలో పిల్ల ఉత్తరువును మీరలేదు. కాగితమును చూరులో దోపినది ఆమె కాదు. ముహూర్తమును ముందునకు జరిపినది ఆమె కాదు. అయినను రెండేండ్లు గడచి ఒక బిడ్డ పుట్టిన తరువాత అత్తవారు పొమ్మన్నచో, ఆమె చేతిలో చూపుటకు డిక్రీ లేదు, చెప్పుకొనుటకు పెండ్లి లేదు. గృహహింస చట్టమును బట్టియో, వేరే మార్గములను బట్టియో ఆమె వకీలు వాదించి సాధింపవచ్చును. కాని వాదించి సాధింపవలసిన స్థితిలో ఆమెను నిలిపినది తండ్రి చేసిన ధిక్కారము, దానికి శాసనము విధించిన ఫలితము, ఈ రెండును కలిసియే. లెక్క వ్రాయించిన మహారాజునకు గాని, పీఠిక వ్రాసిన అప్పారావుగారికి గాని ఈ చిక్కు ఊహకు రాలేదు. వారి కాలమున ఆపుటయే దుర్లభము.

ఇక మన కొత్తవలస పందిటిలోని యింటిపెద్దకు, కాగితము చేతికందిన ఆ సాయంకాలము, చూరు కాక వేరొక త్రోవ లేకపోలేదు. పిల్లకు పదునెనిమిది నిండినవని అతని నమ్మకమైనచో, ఆ ఉత్తరువును మార్చుమని గాని, తొలగింపుమని గాని అదే మేజిస్ట్రేటును అడుగుటకు శాసనము అతనికి హక్కు ఇచ్చినది. మేజిస్ట్రేటు అతని మాట వినితీరవలెను. తీసికొనిపోవలసినది బడిలోని చేరిక పుస్తకపు నకలు, పంచాయతీలో వ్రాయించిన జనన ధ్రువపత్రము. జాతకచక్రము తీసికొనిపోయినచో దానికి అంత బలముండదు. వియ్యాలవారికి కబురు చేసి, వంటవానికి బయానా వదలుకొని, పందిరి విప్పించుట కష్టమే. వచ్చిన చుట్టములకు ఆ రాత్రి భోజనము పెట్టి పంపవచ్చును. దానిని ఏ ఉత్తరువును నిషేధింపదు.